సూది ముట్టని కుట్టుపని

సూది ముట్టకుండా కుట్టు, పొయ్యి వెలిగించకుండా వంట నేర్పే చదువును మించిన చదువు భూమ్మీద లేదు! నమ్మరా? అయితే సుబేదారి వాడలో బట్టలు కుట్టే పండరికి ఏం జరిగిందో వినండి.

పండరి కూతురు సౌమ్య ఓ ప్రైవేటు బడిలో తొమ్మిదో తరగతి. ఆ బడిలో ఈ ఏడు ఆడపిల్లలకూ మగపిల్లలకూ కలిపి వంట, కుట్టు క్లాసులు పెట్టారు. మొదటి పరీక్షలో సౌమ్యకు కుట్టులో యాభైకి నలభై తొమ్మిది! పండరి గల్లీ అంతా జిలేబీలు పంచాడు. ముప్పై ఏళ్లుగా మెషిన్ తొక్కుతున్నా అతనికి ఎవరూ ఒక్క మార్కూ వేసిన పాపాన పోలేదు మరి.

మర్నాడు కొట్లో కూతురిని పిలిచాడు. "బిడ్డా, నాకు కండ్లు ఆనుతలేవు. జర గీ సూదిల దారమెక్కియ్యి."

సౌమ్య రెండడుగులు వెనక్కి వేసింది. "ఎక్కిచ్చుడు రాదు బాపూ. ఎట్ల ఎక్కియ్యాల్నో ఆరు పాయింట్లల రాస్త. బొమ్మ గూడ ఏస్త."

వేసింది కూడా! బెజ్జం దగ్గర బాణం గుర్తు పెట్టి మరీ పేరు రాసింది. మురవాలో, నెత్తి కొట్టుకోవాలో పండరికి తోచలేదు.

"మరి వంట?"

"ఉప్మా వచ్చు బాపూ. నిర్వచనం, పదార్థాలు, జాగ్రత్తలు."

"తినుడు?"

"అది సిలబస్‌ల లేదు."

ఎంత సుఖం! నలభై మంది పిల్లలు నెలల తరబడి వంట నేర్చుకున్నా ఒక్క ఉల్లిగడ్డ తెగలేదు, ఒక్క గిన్నె మాడలేదు!

పండరికి ఈ గొప్పతనం తలకెక్కలేదు. తిన్నగా బడికి పోయాడు. ప్రిన్సిపాల్ కిషన్ రావు గారు కుట్టు ల్యాబ్ చూపించారు. అద్దాల బీరువాలో కొత్త మెషిన్. దానికి పూలదండ. పక్కనే 'తాకరాదు' అని బోర్డు.

"పిల్లలు దీన్ని తొక్కద్దా సార్?"

"తొక్కితే వేలుకు సూది దిగదా? పేరెంట్స్ ఊకుంటరా? అందుకే సూది పీకి నా లాకర్ల పెట్టిన."

"ఫికర్ చెయ్యకున్రి సార్, నేనొచ్చి నేర్పుత."

"నువ్వేం చదివినవ్?"

"ఏడు ఫెయిల్ సార్."

"అయితే కష్టం. మా కుట్టు సార్ ఎమ్మెస్సీ మ్యాథ్స్."

న్యాయమే కదా! బొత్తానికి నాలుగు బెజ్జాలైతే అంగీకి ఎన్నో తేల్చడం ఏడు ఫెయిలైనవాడి వల్ల అవుతుందా?

ఆ శుక్రవారం తనిఖీకి ఓ మేడమ్ వచ్చింది. వచ్చీ రాగానే, "మెషిన్ నడిపించండి" అంది. లాకర్లోంచి సూది వచ్చింది కానీ, దాన్ని మెషిన్‌కు బిగించడం ఎమ్మెస్సీకి తెలియలేదు. పండరికి పరుగున కబురు పోయింది. అతను వచ్చి రెండు నిమిషాల్లో బిగించాడు.

"ఇప్పుడు పిల్లలెవరైనా కుట్టండి" అంది మేడమ్.

నలభై మంది ర్యాంకర్లు నేల చూపులు చూశారు. కాసేపటికి సౌమ్య లేచింది. వెళ్లి మెషిన్ ముందు కూర్చుంది.

"మెల్లగ తొక్కు బిడ్డా. గుడ్డను గుంజకు, అదే పోతది" అన్నాడు పండరి గొంతు తగ్గించి.

మెషిన్ కదిలింది. కుట్టు వంకరటింకరగా పోయింది. వేలికి సూది గుచ్చుకుని రక్తపు బొట్టు తేలింది. ల్యాబంతా ఒక్కసారిగా అరిచింది. సౌమ్య ఆ వేలు నోట్లో పెట్టుకుని నవ్వింది, మళ్లీ తొక్కింది. పండరి కళ్లలో నీళ్లు తిరిగాయి. సూది చేసే ప్రమాదాల్లో ఇదీ ఒకటని సిలబస్‌లో రాయలేదు!

మేడమ్ మెచ్చుకుని వెళ్లింది. కానీ క్రమశిక్షణ అంటూ ఒకటుండాలి కదా? సోమవారం ప్రోగ్రెస్ రిపోర్టు వచ్చింది. 'కుట్టులో పది మార్కులు కోత. కారణం: కుట్టినది.'

పండరి కళ్లకద్దుకుని మరీ సంతకం పెట్టాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. సాయంత్రం బడి వదలగానే పదకొండు మంది పిల్లలు యూనిఫాంలోనే పండరి కొట్టు ముందు వరస కట్టారు. ఎందుకొచ్చారని అడిగాడు.

మార్కులు పోగొట్టుకోవడానికట!