కొసరుకు పోయిన ఎత్తు

భీమలింగ జట్టు మారతానన్న ప్రతిసారీ తక్కిన ఆటగాళ్లు తలా బెత్తెడు పొట్టివాళ్లయ్యేవారు. ఆ ఎత్తు అతనికి చేరేది. హగరిపల్లె బాస్కెట్‌బాల్ జట్టులో అది జీతాల బట్వాడా లాంటి మామూలు పనే.

మొదలుపెట్టింది మేనేజరు నారసప్ప. ఆయన పూర్వం సంతలో ఎద్దుల బేరగాడు. బేరం తెగాక పలుపుతాడో మువ్వల పట్టీయో కొసరు వేయందే ఆయనకు మనసొప్పదు. భీమలింగను తెచ్చుకున్న రోజు వేయడానికి ఇంకేమీ కనబడక, పక్కనే నిలబడ్డ ఆటగాడు తిప్పేస్వామి ఎత్తులో బెత్తెడు తీసి వేశాడు. మరుసటి ఏటికి ఆ కొసరే హక్కయింది.

ఇప్పుడు భీమలింగ ఎగరనక్కరలేదు. బంతిని బుట్టలోకి పైనుంచి జారవిడుస్తాడు. జట్టు గెలుస్తూనే ఉంది.

ఆఫీసు గోడకు నడుమెత్తున ఒక ఎర్రగీత ఉంది. ఆ గీతకు దిగినవాడి నుంచి ఇక తీయరాదు, ఇంట్లోవాళ్ల నుంచి తీయాలి. దయతో పెట్టిన నియమం. తిప్పేస్వామి పోయిన నెలే గీతకు దిగాడు. ఇంట్లో ఉన్నది తొమ్మిదేళ్ల కూతురు మారెక్క ఒక్కతే.

ఆ ఉదయం భీమలింగ నడుం వంచి తలుపులోంచి తొంగిచూశాడు. "నాకీ ఊరు పడలేదప్పా" అని మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు.

తిప్పేస్వామి నారసప్ప పంచె అంచు పట్టుకున్నాడు. "పోనీ అన్నా, ఈసారికి పోనీ" అన్నాడు.

"పోతే మన ఎత్తంతా ఆయప్పతోనే పోతాది గదరా" అన్నాడు నారసప్ప. "ఉంటే ఏదో ఒకనాడు తిరిగి అడగొచ్చు."

"ఎవురడుగుతారన్నా? నా మాట ఆయప్ప మోకాలు కూడా దాటదే!"

"నిచ్చెనేసుకోని అడుగు మామా" అన్నాడు బెంచీ మీది కుర్రాటగాడు ఎర్రిస్వామి. అతనింకా గీతకు జానెడు పైనే ఉన్నాడు.

"పాపను పిలిపించినాలే. పెరిగే వయసు, మళ్లీ పెరుగుతాది" అన్నాడు నారసప్ప.

పాపను వాళ్ల అవ్వ ఊరికి పంపేద్దామని తిప్పేస్వామి వాకిట్లోకి ఉరికాడు. మారెక్క అప్పటికే మెట్లెక్కి వస్తోంది. తండ్రిని చూడటానికి తల వంచింది.

"పోదాం పద తల్లీ!"

ఆమె చెప్పులు విడిచి లోపలికెళ్లి, గోడకు వీపానించి నిలబడింది. "భయపడొద్దు నాయనా. ఇస్కూల్లో నేర్పించినారు. మెడ బిగబట్టకుంటే నొప్పి తెలీదంట."

కాసేపటికి బయట ఈలలు మోగాయి. "ఉంటాడంట! ఉంటాడంట!"

తిప్పేస్వామీ చప్పట్లు కొట్టాడు. కూతురి కళ్లు ఇప్పుడు సరిగ్గా అతని కళ్లకు ఎదురుగా ఉన్నాయి.