కుమారి నాన్న

ఆ పొద్దున లిఫ్టాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. భద్రతా అనుమతుల కార్యాలయానికి వెళ్లాలి, కూతురి దరఖాస్తు కిటికీలో ఇవ్వాలి, రసీదు జేబులో పెట్టుకుని మధ్యాహ్నం డ్యూటీకి అందుకోవాలి. కళ్లు మూసుకుని చేసుకు రావచ్చని కూతురే చెప్పింది. కళ్లు మూసుకునే చేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఆయన లిఫ్టు నడిపేది ఎత్తైన వ్యాపార భవనంలో. ఏళ్ల తరబడి జనాన్ని పైకీ కిందికీ మోస్తున్నా, తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఇంకో అంతస్తు ఎదుట నిలబడి ఉండడం ఆయనకు ఇప్పటికీ వింతే. నోరు తెరవడానికి ఆయనకు పెద్ద కారణం అక్కర్లేదు. రబ్బరు ముద్ర కాగితం మీద వంకర లేకుండా పడినా తెరుస్తాడు. అలాంటి మనిషికి విమానం నడుపుతానన్న కూతురు పుట్టింది. పై దేశంలో పైలట్లను తయారుచేసే బడిలో ఆ పిల్లకు సీటు వచ్చిన రోజు తెరిచిన నోరు ఆయన ఇంకా పూర్తిగా మూయలేదని భార్య అంటూ ఉంటుంది.

సీటు వస్తే సరిపోదు. ఈ పిల్ల చేతికి విమానం ఇస్తే లోకానికి ముప్పేమీ లేదని ముందు మన సర్కారు రాసివ్వాలి. ఆ కాగితం లేనిదే వీసావాళ్లు మొహం చూడరు. వీసా పడకుండా తరగతులు మొదలయ్యాయంటే సీటు వెనక వరసలో ఉన్నవాళ్లకు పోతుంది. మళ్లీ ఏడాది చూద్దామంటే వయసు హద్దు దాటిపోతుంది. అందుకని ఇంటిల్లిపాదీ ఆ దరఖాస్తును పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంటున్నారు. ఆ రోజు అమ్మాయికి కళ్ల పరీక్ష, చెవుల పరీక్ష ఉండడంతో పసిబిడ్డ తండ్రి చేతికి వచ్చింది.

వరసలో నిలబడ్డవాడు నిలబడి ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు, దరఖాస్తు చదివాడు. అంతా బాగానే ఉంది గాని ఒకచోట "ఇతర పేర్లు, మారుపేర్లు, ముద్దుపేర్లు, ఉన్నచో" అని ఉన్న గడిలో కూతురు చిన్న గీత గీసి వదిలేసింది. దాని కిందే నల్లటి అక్షరాల్లో "సమాచారం దాచువారు శిక్షార్హులు" అని ఉంది. లిఫ్టాయన ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏమే, మనం అమ్మాయిని ఏమేమని పిలుస్తాం?"

"అదేం ప్రశ్నండీ? ఎండదెబ్బ ఏమైనా తగిలిందా?"

"నేను కాదే, సర్కారు అడుగుతోంది."

సర్కారు పేరు వినగానే భార్య గొంతు సర్దుకుంది. "నేను బుజ్జి అంటాను. ఒళ్లు మండితే రాక్షసి అంటాను."

"రాక్షసి కూడా రాయాలంటావా?"

"ఏం, నా కోపం అబద్ధమా?"

వెనక నుంచి ఆయన తల్లి గొంతు ఖంగున వినిపించింది. "పిడుగని రాయమనవే! అది నేను పెట్టిన పేరు!"

"సరే, మరి మీరేమంటారు?" అని భార్య ఎదురడిగింది.

ఆయన ఆ పిల్లను పొత్తిళ్లలో ఎత్తుకున్న రోజు నుంచీ "నాన్నా" అనే పిలుస్తున్నాడు. ఆయన తల్లీ అంతే. కన్నపిల్లల్ని నాన్నా అనీ, అమ్మా అనీ పిలుచుకోవడం మన భాషలో ఎంత మామూలంటే, దాన్ని ఒక పేరని ఎవరూ అనుకోరు. లిఫ్టాయన అనుకున్నాడు. గీతను గుండ్రటి అక్షరాలతో కప్పేస్తూ "బుజ్జి, పిడుగు, రాక్షసి, నాన్న" అని రాసి, దేశానికి ఏమీ దాచలేదన్న తృప్తితో కిటికీలోకి తోశాడు.

కిటికీ గుమస్తా ఆ గడి దగ్గరకొచ్చి ఆగిపోయాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "నా సర్వీసంతటిలో ఈ గడిలో గీత తప్ప అక్షరం చూడలేదండీ" అని పక్క సీటాయనకు చూపించాడు. ఇద్దరూ కాసేపు దాన్ని చిత్రపటాన్ని చూసినట్టు చూశారు.

"అన్నీ బాగున్నాయి గాని, పిడుగు... విమానాలకు పిడుగు మంచిది కాదు కదండీ?" అన్నాడు గుమస్తా నెమ్మదిగా.

"మా పిడుగు మంచిదేనండీ."

ఆ మాట నోట్ చేసుకోవాలో అక్కర్లేదో తేలక గుమస్తా ఫైలును లోపల గదిలోని పెద్దమేడం దగ్గరికి పంపాడు. ఆవిడ సంతకం కోసం పెద్ద పెద్దవాళ్లు కుర్చీ అంచున కూర్చుంటారని ప్రతీతి. నాలుగు మారుపేర్లున్న మనిషిని విమానం ఎక్కించే ముందు ఇంటికి వెళ్లి విచారించి రమ్మని ఆవిడ ఒక్క వాక్యం రాసి పంపింది.

సాయంత్రం విషయం విన్న కూతురు తల పట్టుకుంది. "గీత గీస్తే పోయేదానికి కొరివితో తల గోక్కున్నావు కదా నాన్నా!"

"ఉన్నదే కదా నాన్నా రాశాను" అన్నాడు లిఫ్టాయన. ఇద్దరికీ ఆ వాక్యాల్లో విడ్డూరమేమీ కనిపించలేదు.

విచారణాధికారి వచ్చిన రోజు తల్లీకూతుళ్లు వీసా ఫొటోలు దిగడానికి వెళ్లారు. లిఫ్టాయన ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. ఇంట్లో ఉన్నది నాయనమ్మ ఒక్కతే. ఆవిడకో అలవాటుంది. ముద్దొచ్చినప్పుడు మనవరాలిని "వాడు, వీడు" అంటుంది. ఆ పిల్ల పైలట్ కాబోతోందని తెలిసిన దగ్గర్నుంచి ఆవిడకు రోజంతా ముద్దే.

అధికారి ఫైలు తెరిచి, జాబితాలో అన్నిటికంటే అనుమానంగా కనిపించిన పేరుతో మొదలుపెట్టాడు. "నాన్న అంటే ఎవరమ్మా?"

"మా నాన్న తెలియదా బాబూ? విమానం నడపడానికి వెళ్తున్నది వాడేగా!"

అధికారి గోడ వైపు చూశాడు. అక్కడ లిఫ్టాయన ఫొటో ఉంది, గుబురు మీసాలతో. "ఎప్పుడైనా గొడవల్లో తలదూర్చారా?"

"ఒక్కసారి. ఎదురింటి కుర్రాడి చెయ్యి కొరికాడు. తప్పు వాడిది కాదులే."

అంతలో జేబు మీద లిఫ్టు అని కుట్టిన డ్యూటీ చొక్కాతో లిఫ్టాయనే గుమ్మంలోకి వచ్చాడు. "ఒరేయ్, విమానం సంగతి అడగడానికి పై నుంచి వచ్చారురా" అంది తల్లి. అధికారి మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డు చూడగానే లిఫ్టాయన కాళ్లు దగ్గరికి చేర్చి నిటారుగా నిలబడిపోయాడు. కూతురి గురించే అడుగుతున్నాడని ఆయన నమ్మకం. ఎదురుగా ఉన్న మనిషినే అడుగుతున్నానని అధికారి నమ్మకం.

"గాల్లోకి ఎగరడమంటే భయం లేదా?"

"ఆ మాటే తెలియదు సార్. చిన్నప్పటి నుంచీ అదే కల."

"మరి ఈ వయసులో..."

"ఇదే కదా సార్ వయసు! ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?"

అధికారి కలం ఆగిపోయింది. ఎందరి ఇళ్లకో తిరిగాడు గాని, నెత్తిన జుట్టు పల్చబడ్డాక, జీవితమంతా లిఫ్టు నడిపాక, పై అంతస్తు కూడా చాలదని విమానం మీద కన్నేసిన మనిషిని ఎక్కడా చూడలేదు. ఆయన కళ్లు చెమర్చాయి. లేచి నిలబడి లిఫ్టాయనకు సెల్యూట్ కొట్టాడు. లిఫ్టాయన కూతురి తరఫున దాన్ని స్వీకరించి ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

ఆ రిపోర్టు కార్యాలయంలో బల్ల నుంచి బల్లకు పరుగులు తీసింది. చదివినవాళ్లందరూ కరిగిపోయి సంతకాలు పెట్టారేగాని, మొదటి పేజీలో అభ్యర్థిని పుట్టిన తేదీ ఏమిటో చూసిన పాపాన పోలేదు. ఏడాదైనా కదలని ఫైళ్లుండే చోట ఈ ఫైలు మీది అనుమతి కాగితం వారం తిరక్కుండానే ఇల్లు చేరింది. కూతురు కవరు చించి చదివింది. "సదరు దరఖాస్తులోని శ్రీ నాన్న గారు ధైర్యసాహసాలు గలవారు. విమాన శిక్షణకు సర్వవిధాలా అర్హులు. గుర్తులు: గుబురు మీసం."

అమ్మాయి అరవలేదు. కాగితం తండ్రి చేతిలో పెట్టి, గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది. మర్నాడే వీసావాళ్లు పిలిచిన రోజు. "తిరిగి రాయించాలంటే నెలలు పడుతుంది. అయిపోయింది నాన్నా" అంది. తిట్టినా బాగుండుననుకున్నాడు లిఫ్టాయన. ఇంతకాలం ఆ పిల్లను చూసి అబ్బురపడడం తప్ప తను చేసిందేమీ లేదు, చేసిన ఒక్క పనీ ఇలా అఘోరించింది. చెప్పులు వేసుకుని, "లే, పోదాం" అన్నాడు.

కార్యాలయంలో అడుగుపెట్టగానే జరిగింది ఆయన ఊహించనిది. గుమస్తాలు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. విచారణాధికారి ఎదురొచ్చి, "ఈయనే, ఈయనే" అంటూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పెద్దమేడం ఎదుట కుర్చీలో కూర్చోబెట్టాడు. కుర్చీ అంచున కాదు, పూర్తిగా. గుమస్తాలంతా చప్పట్లు కొడుతూనే వెంట వచ్చారు. ఇంత గౌరవం పుట్టి బుద్ధెరిగాక ఆయనకు జరగలేదు. నిజం చెబితే అదంతా నీటి మీద బుడగలా పోతుందని ఆయనకు తెలుసు. పక్కన నిలబడ్డ కూతురి మొహం చూశాడు.

"మేడం, ఎగిరేది నేను కాదండీ. ఇదిగో, మా నాన్న."

చప్పట్లు ఆగిపోయాయి. అధికారి మొహం వాడిపోయింది. "మరి చిన్నప్పటి కల అన్నారు కదండీ?"

"దాని చిన్నప్పటిదండీ."

పెద్దమేడం దరఖాస్తునూ, కాగితాన్నీ, మీసాన్నీ, అమ్మాయినీ వరసగా చూసింది. "ఈయన మీకేమవుతారు?" అని అమ్మాయిని అడిగింది.

"నాన్న."

"ఈ అమ్మాయి మీకేమవుతుంది?"

"నాన్నండీ" అన్నాడు లిఫ్టాయన ప్రాణభయంతో.

"ప్రభుత్వంతో పరాచికాలా?" ఆవిడ గొంతు పెంచలేదు గాని గదిలో ఫ్యాను చప్పుడు పెరిగినట్టనిపించింది. "ఆడపిల్లను నాన్న అని ఎవరైనా పిలుస్తారా? తప్పుడు సమాచారం కింద ఈ ఫైలు రద్దు చేస్తే తెలిసొస్తుంది."

ఎర్రసిరా కలం మూత తీసింది. కూతురు తండ్రి భుజం గట్టిగా పట్టుకుంది. సరిగ్గా అప్పుడు బల్ల మీద ఫోన్ మోగింది. ఆవిడ కలం దించకుండానే రెండో చేత్తో ఫోన్ తీసుకుని, ఆ గదిలో ఎవరూ ఎన్నడూ వినని గొంతుతో, "చెప్పు నాన్నా" అంది.

అవతల ఓ ఆడపిల్ల గొంతు సన్నగా ఏదో ఫిర్యాదు చేస్తోంది. "అలిగితే ఎలా నాన్నా? అన్నం తిను, నేను వచ్చేస్తాను కదరా..." అంటూ ఆవిడ తలెత్తింది. గుమస్తాలంతా కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. విచారణాధికారి పైకప్పు చూస్తున్నాడు. లిఫ్టాయన ఒక్కడే ఆవిడ మొహంలోకి చూస్తూ, కల్మషం లేని ఆశ్చర్యంతో నోరు తెరిచాడు.

"మీకూ నాన్న ఉందన్నమాట మేడం!"

ఆ ఎర్రకలం గాల్లో కాసేపు నిలిచింది. తర్వాత కాగితం మీదికి దిగింది. "శ్రీ" కొట్టేసి పైన "కుమారి" రాసింది. మీసం కొట్టేసి "లేదు" అని రాసింది. "గారు" దగ్గర ఒక్క క్షణం ఆలోచించి, పైలట్ అయ్యే పిల్లకు ఆ మాత్రం ఉండవచ్చని కాబోలు, వదిలేసింది.

"మిగతా రిపోర్టు మార్చాలా మేడం?" అన్నాడు అధికారి పీలగా.

"ధైర్యం, కల, పట్టుదల అన్నీ ఈ అమ్మాయికి సరిపోతాయి. మీసమే ఎక్కువైంది" అని ఆవిడ ముద్ర వేసింది. ముద్ర వంకర లేకుండా, గుండ్రంగా, కాగితం మధ్యలో పడింది. మామూలుగానైతే లిఫ్టాయన దాన్ని చూసి మైమరచిపోయేవాడే. ఆ పూట ఆయన కూతురి మొహమే చూస్తున్నాడు.

వీసా కిటికీలో ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశారు గాని, ముద్ర ముద్రే కదా. "పిలిచే పేరు: నాన్న" అని ఎక్కించుకుని వీసా ఇచ్చేశారు. అక్కడి బడివాళ్లూ ఆ కాగితంలో చూసే రిజిస్టరులో రాసుకున్నారు. అమ్మాయి వెళ్లింది. మొదటిసారి ఒంటరిగా విమానం లేపిన రోజు, కిందనున్న గురువుకూ తనకూ మధ్య రేడియోలో నడిచిన మాటలను రికార్డు చేసి ఇంటికి పంపింది.

ముగ్గురూ ఫోన్ చుట్టూ చేరారు. ముందు గరగరలు, తర్వాత హోరు. ఆ హోరులోంచి ఎవరో పరాయి దేశపు పెద్దాయన గొంతు, నాలుక తిరగక తిరగక, "నాన్నా" అని పిలిచింది. తర్వాత మాటలేవీ వాళ్లకు అర్థం కాలేదు. జవాబు చెబుతున్న పిల్ల గొంతు మాత్రం నిబ్బరంగా, ఎక్కడో చాలా పైనుంచి వినిపించింది. లిఫ్టాయన మళ్లీ మళ్లీ పెట్టించుకుని విన్నాడు. తన నోట్లో పుట్టిన పిలుపు సముద్రాలు దాటి ఆకాశంలోకి ఎక్కి కూర్చుందంటే ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. కన్నీళ్లు మీసాల్లోకి జారుతున్నా తుడుచుకోలేదు.

"ఆ పెద్దాయన ఎవర్రా, మనవాణ్ణి అంత ముద్దుగా పిలుస్తున్నాడు?" అంది తల్లి.

మర్నాడు ఆయన లిఫ్టులో రెండో అంతస్తుకు పోవాలన్నవాళ్లు కూడా ముందు చిట్టచివరి అంతస్తు చూసి రావలసి వచ్చింది.