అయిదో తారీఖు పొలమారు

ఎవరైనా మన పేరు మీద జీవిత బీమా కడితే, కట్టిన నిమిషంలోనే మనకు పొలమారుతుంది. ఆ ఊళ్లో అది అందరికీ తెలిసిన సంగతే. ఎవరు కట్టారో తేల్చడానికి మునిసిపల్ ఆఫీసులో పొలమారు విభాగమని ఒక గది కూడా ఉంది.

బస్సు డిపోలో టైమ్ కీపర్ వరహాలుకి పంతొమ్మిదేళ్లుగా ప్రతి అయిదో తారీఖు పదకొండింటికి పొలమారేది. ఊళ్లో అమ్మ తలుచుకుంటోందిలే అని నెత్తి మీద తట్టుకుని నీళ్లు తాగేవాడు. పిచ్చి మారాజు, ఏ తల్లయినా తారీఖు చూసుకుని తలుచుకుంటుందా! నిరుడు అమ్మ పోయింది. పొలమారడం మాత్రం ఆగలేదు. దాంతో తన చావు కోసం ఎవరో బీమా కడుతున్నారని వరహాలుకి భయం పట్టుకుంది. భార్య సత్యవేణి వండిన పులుసు ముట్టడం మానేసి, కడుపు బాగాలేదని చెప్పి క్యాంటీన్లో ఇడ్లీలు తిన్నాడు.

అయిదో తారీఖున రేషన్ కార్డు నకలు, రెండు ఫొటోలు, సొంత గ్లాసుతో నీళ్లు పట్టుకుని పొలమారు విభాగానికెళ్లాడు. పదకొండింటికి పొలమారింది. గుమస్తా బంగారమ్మ నిబంధన ప్రకారం నెత్తి మీద తడుతూ ఒక్కో పేరూ చదివింది. అన్న పేరుకి దగ్గు పెరిగింది. బావమరిది పేరుకి కళ్లల్లో నీళ్లొచ్చాయి. సత్యవేణి అనగానే దగ్గు ఠక్కున ఆగిపోయింది.

వరహాలు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎన్నేళ్లుగా ఇలా అవుతోందని బంగారమ్మ అడిగి రాసుకుంది.

"సంపాలనుకున్నోళ్లు పంతొమ్మిదేళ్లు కడతారేటి బాబూ? ఇంటికెల్లి అన్నం తినండి."

నిజమే కదా. వరహాలు గుండెల మీది బరువు దిగిపోయింది. అయితే అమ్మ తలుచుకోలేదన్నమాట అని కాస్త బాధేసింది గానీ, నెల రోజుల ఆకలి ముందు అది నిలవలేదు. ఇంటికెళ్లి పులుసు రెండుసార్లు వేయించుకున్నాడు.

అప్పట్నుంచి అయిదో తారీఖు వస్తే గ్లాసు దగ్గర పెట్టుకుని కూర్చునేవాడు. నాలుగో నెల పదకొండయింది, పొలమారలేదు. పదకొండుంబావు అయినా లేదు. డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి ఇంటికి పరిగెత్తాడు.

సత్యవేణి తోటకూర ఏరుతోంది. ఈ నెల కట్టలేదా అని రొప్పుతూ అడిగాడు. మీకెలా తెలుసని ఆవిడ అడగలేదు. తలైనా ఎత్తలేదు.

"కట్టాల్సినవన్నీ పోయిన నెలతో అయిపోనాయండి. నా వంతు అయిపోనాది. ఇంక మీ వంతే."

హమ్మయ్య, మరిచిపోలేదన్నమాట, అనుకున్నాడు వరహాలు. కాళ్లు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు.