దిగితే చేప ముక్క

ఆ రోజు పొద్దున డ్రైవింగు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తనిఖీకి అధికారిణి వచ్చేలోపు పిల్లిపిల్లకు వంటగట్టు ఎక్కకూడదని నేర్పాలి, అంతే.

మాస్టారి భార్య దుకాణంలో ఉద్యోగం మానేసి, ఇంట్లోనే కేకులు చేసి అమ్మాలని ఓవెన్ కొనుక్కుంది. అమ్మాలంటే ఆహార భద్రతా అధికారిణి వంటిల్లు చూసి అనుమతి ఇవ్వాలి. కిందటిసారి అధికారిణి వచ్చినప్పుడు, పిడుగు అని అందరూ పిలిచే ఆ పిల్లిపిల్ల, పిండి తూచే తక్కెడలో ముడుచుకుని నిద్రపోతోంది. ఆవిడ తక్కెడను చూసింది, పిల్లిని చూసింది. "ఇంకొక్క అవకాశం ఇస్తున్నాను. ఈసారి గట్టు మీద పాదం కనిపించిందా, అనుమతి మాట మరిచిపోండి" అని వెళ్లిపోయింది. అప్పటినుంచీ మాస్టారి భార్యకు కంటి మీద కునుకు లేదు.

"నువ్వు నిశ్చింతగా ఉండు. బ్రేకుకీ క్లచ్చుకీ తేడా తెలియనివాళ్లకే నేర్పాను. దీనికి నేర్పడం ఎంతసేపు?" అన్నాడు మాస్టారు.

"వాళ్లు మీ మాట వినేవాళ్లు కదండీ."

"విన్నారని నీకెవరు చెప్పారు?"

మాస్టారి పద్ధతిలో అరుపులూ కసుర్లూ ఉండవు. పక్క సీట్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుని కూడా తేనె పూసినట్టు మాట్లాడటం ఆయనకు వృత్తిలో అబ్బిన విద్య. పిడుగు గట్టెక్కగానే వేలు కిందికి చూపించి, "దిగు బంగారం, దిగు" అని ఒక ఎండు చేప ముక్క నేల మీద పెట్టాడు. పిడుగు దూకింది, తిన్నది. మాస్టారు మురిసిపోయాడు. మళ్లీ ఎక్కింది. మళ్లీ "దిగు బంగారం". మళ్లీ చేప. ఇంత బుద్ధిమంతురాలైన శిష్యురాలు తన సర్వీసులోనే తగల్లేదని ఆయన పొంగిపోతూ ఉంటే, పక్కన క్రీము గిలకొడుతున్న భార్య చెయ్యి ఆగిపోయింది.

"ఏవండీ, మీరు దానికి దిగడం నేర్పడం లేదు. ఎక్కడం నేర్పుతున్నారు."

"అదేంటి?"

"ఎక్కితేగా దిగేది? దిగితేగా చేప?"

ఈలోగా పిడుగు ఒక్క గెంతులో గట్టెక్కి, మాస్టారి చేతిలో చేప పొట్లం వంక చూసి, ఆలస్యం దేనికన్నట్టు మ్యావుమంది.

ఆయన పొట్లాన్ని జేబులో కుక్కుకున్నాడు. చెప్పులు వేసుకుని వీధి చివర బొమ్మల కొట్టుకు పరుగెత్తి, కీ ఇస్తే నేల మీద గిరగిరా తిరిగే ఎలుక బొమ్మ ఒకటి కొనుక్కొచ్చాడు. దాన్ని తరుముతున్నంతసేపూ పిడుగు గట్టు వైపు చూడదని ఆయన లెక్క. ఈ సంగతి భార్యకు చెప్పాడు. ఇంట్లోనే ఉన్న తల్లికి చెప్పడం మరిచిపోయాడు.

ఆ తల్లి కూడా చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. కాళ్లకు అంటుకునేదేదైనా ఉంటే పిల్లి ఆ చోటు తొక్కదని ఆవిడ ఎక్కడో విన్నది. కొడుకు కొట్టుకూ కోడలు పెరట్లోకీ వెళ్లిన సమయంలో, కోడలు కేకు పెట్టెలకు వాడే రెండువైపులా అంటుకునే టేపు తీసి గట్టు పొడవునా అతికించింది. చెబితే వద్దంటారని చెప్పలేదు.

మాదిరికని చేసిన కేకును కోడలు గట్టు మీద పెట్టింది. కాసేపటికి తీయబోతే పళ్లెం రాలేదు. గట్టిగా లాగితే కేకు ఒక్కటే వచ్చి, ఆమె చేతుల్లోంచి జారి, మోచేతుల దాకా క్రీము పూసి నేల మీద పడింది.

"అత్తయ్యా, ఏంటిది?"

"పిల్లి కోసమమ్మాయ్! నువ్వెందుకు పెట్టావక్కడ?"

సరిగ్గా అప్పుడే తలుపు గంట మోగింది. టేపు పీకే వ్యవధి లేదు.

కోడలు నేల తుడిచింది, మాస్టారు బొమ్మకు కీ తిప్పి వదిలాడు, పెద్దావిడ తలుపు తీసింది. అధికారిణి లోపలికి వచ్చి పంపు చూసింది, ఓవెన్ చూసింది, డబ్బాల మూతలు చూసింది. పిడుగు ఎక్కడో బీరువా కింద బొమ్మతో కుస్తీ పడుతోంది. అంతా సవ్యంగానే ఉందనుకునేసరికి అధికారిణి చేతిలోని ఫైలు గట్టు మీద పెట్టింది. తీయబోతే రాలేదు.

"ఏమిటిది?"

"అంటుకుంటుందమ్మా! ఇంక ఎక్కదు" అంది పెద్దావిడ గర్వంగా.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ ఎలుకకు ప్రాణమే లేదు కాబట్టి ఆ సంకటం మనుషులకు వచ్చిపడింది. బీరువా కింది నుంచి బూడిదరంగు ఎలుక రయ్యిమని వచ్చి అధికారిణి బూట్ల మధ్య నుంచి దూసుకుపోయింది.

"అమ్మో, ఎలుక!"

ఆ కేక పెద్దావిడది. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేనని ఏడాదిగా మేడ ఎక్కని మనిషి, రెప్పపాటులో భోజనాల బల్ల మీద నిలబడి ఉంది. అధికారిణి అంతకన్నా ముందే వంటగట్టెక్కేసింది. ఎక్కిన చోటే బూట్లు అతుక్కుపోయాయి.

"బొమ్మ మేడం! కీ ఇస్తే తిరిగే బొమ్మ!" అని మాస్టారి భార్య మొత్తుకుంటోంది. వినేదెవరు? మాస్టారు పొయ్యి దగ్గర కొయ్యబారి నిలబడ్డాడు. ఆయనకు అధికారిణీ కనబడలేదు, అనుమతీ కనబడలేదు. గట్టు మీద ఎవరో ఉన్నారన్నది ఒక్కటే కనబడింది. పొద్దుటినుంచీ అలవాటైన చెయ్యి దానంతటదే లేచింది.

"దిగు బంగారం, దిగు" అన్నాడు. అని, ఒక ఎండు చేప ముక్క నేల మీద పెట్టాడు.

బొమ్మ కీ అయిపోయి ఆగింది. అందరూ చేప ముక్కనే చూస్తున్నారు. మాస్టారి భార్యకు తన ఓవెన్, తన కేకులు, మానేసిన ఉద్యోగం అన్నీ కళ్ల ముందు గిర్రున తిరిగాయి. బీరువా కింది నుంచి పిడుగు నింపాదిగా నడిచొచ్చి, చేప తిని, మూతి నాక్కుని, నేల మీదే బుద్ధిగా కూర్చుంది.

అధికారిణి వంగి బూట్ల తాళ్లు విప్పుకుంది. బూట్లను అక్కడే వదిలేసి, మాస్టారి భార్య వేసిన స్టూలు మీదుగా మేజోళ్లతో కిందికి దిగింది. గొంతు సవరించుకుంది.

"నేనున్నంతసేపూ పిల్లి గట్టెక్కలేదు."

"లేదు మేడం."

"గట్టు మీద ఇంకెవరి పాదమైనా మీరు చూశారా?"

అందరూ ఒకసారి ఆ బూట్ల వంక చూశారు.

"చూడలేదు మేడం" అంది మాస్టారి భార్య. బల్ల మీది నుంచి పెద్దావిడ కూడా చూడలేదంది. అనుమతి వచ్చింది.

మర్నాడు పొద్దున మాస్టారు వంటింట్లోకి వచ్చేసరికి పిడుగు గట్టు మీద లేదు. గట్టు కింద కూర్చుని ఉంది. నేర్పితే రానిదేముందని ఆయన ఛాతీ విరుచుకున్నాడు. పిడుగు ఆయన వంక చూసింది. గట్టు వంక చూసింది. మళ్లీ ఆయన వంక చూసి గట్టిగా మ్యావుమంది.

"దీనికేం కావాలి?"

"నిన్న గట్టెక్కింది ఆవిడ, చేప దొరికింది దీనికి. తను ఎక్కక్కర్లేదని దానికి అర్థమైపోయింది" అంది భార్య, పిండి జల్లిస్తూ. "ఎక్కండి."

"నేనా?"

"మీరెక్కకపోతే అదెక్కుతుంది. నా అనుమతి పోతుంది."

మాస్టారు చెప్పులు విప్పి గట్టెక్కాడు.