టవరుకు స్టే

మా ఔత్సాహిక రేడియో సంఘం వారి అరవై అడుగుల టవరుకు స్టే దొరికిందని, అది ఈనాటికీ అమలులోనే ఉందని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాము.

టవరు నిలబెట్టిన వారానికే పక్కింటి దర్జీ ఆవిడ కుట్టు గది వైపు ఒరిగింది. ఆవిడ వచ్చి లబోదిబోమంటే దయతలచి కరెంటు లైన్‌మన్‌ని పిలిపించాం. అతను మెడ ఎత్తి చూశాడు. "దీనికి స్టే ఏది సార్? మూడు వైపులా స్టే పడితేగానీ నిలవదు. ఏడు పోగుల ఉక్కుతీగ తెప్పించండి. బట్టలారేసే తీగతో సరిపెట్టకండి," అన్నాడు.

పనివాళ్ళ మాట చివరిదాకా వినే దురలవాటు మా సంఘానికి లేదు. 'టవరుకు మూడు వైపులా స్టే తేవలెను' అని కార్యదర్శి రాశాడు, అందరం ఏకగ్రీవంగా ఆమోదించాం.

అధ్యక్షులవారు ముప్పై ఏళ్ళ వకీలు. స్టే అన్న ముక్క చెవిన పడగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "స్టే తేవడంలో నన్ను మించినవాడు ఇంకా పుట్టలేదు!" అని గంటసేపు ప్రసంగించారు. అబ్బో, ఏం చప్పట్లు!

దర్జీ ఆవిడ గుమ్మంలోంచే నెత్తి కొట్టుకుంది. "అయ్యో అన్నయ్యగారూ, స్టే అంటే తీగండీ! మా వీధి కరెంటు స్తంభానికి లేదూ? రోజూ దానికే కాలు తట్టుకుంటుంది నాకు."

"నువ్వు బట్ట కత్తిరించుకో తల్లీ. చట్టం మాకొదిలెయ్," అన్నారు అధ్యక్షులవారు. ఎంత సౌమ్యులో చూడండి.

దావాలో గాలిని ప్రతివాదిగా చేర్చాలనుకున్నాం గానీ దానికి చిరునామా లేదు. దర్జీ ఆవిడకు ఉంది. ఆవిడనే చేర్చాం. 'టవరును యథాతథ స్థితిలో ఉంచవలెను, ఎవరూ తాకరాదు' అని ఉత్తర్వు వచ్చింది. మూడు నకళ్ళు తీయించి, ప్లాస్టిక్ తొడుగులు వేయించి, మూడు వైపులా పురికొసతో కట్టించాం. తాకకుండా కట్టడానికి నానా తంటాలు పడ్డాం.

మర్నాడు లైన్‌మన్ ఉండబట్టలేక తనే తీగచుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. ముట్టుకుంటే కోర్టు ధిక్కారమని చెప్పి పంపేశాం. స్టే ఉన్న టవరుకు మళ్ళీ స్టే ఏమిటి, విడ్డూరం కాకపోతే!

ఆ వారంలోనే గాలి వీచింది. దానికి ఉత్తర్వు అందలేదు కాబోలు. దర్జీ ఆవిడ గుండీలు కొనడానికి కొట్టుకు వెళ్ళింది కాబట్టి బతికింది. కుట్టు గది రేకులు, మిషను, కుట్టిపెట్టిన బడిపిల్లల చొక్కాలు మాత్రం టవరు కింద నుజ్జయ్యాయి. 'ఆపదలో ఆదుకొనుటయే మా ఆశయం' అని టవరుకు తగిలించిన మా సంఘం బోర్డు కూడా వాటి మీదే పడింది.

ఆవిడ ఏడుస్తూ టవరును తీయించబోయింది. అధ్యక్షులవారు అడ్డుకున్నారు. యథాతథ స్థితి అంటే ఇప్పుడు ఇదే. వాయిదా కోర్టు సెలవుల తరవాత.

వీధి వీధంతా పోగయింది. "బాబ్బాబు, ఒక్క చెయ్యి వెయ్యండి, నా మిషనైనా లాక్కుంటాను," అని ఆవిడ అందరినీ బతిమాలింది. ఆ గుంపులో మీరూ ఉన్నారు, ఫోనుతో ఫొటో తీసుకుంటూ. చెయ్యి వెయ్యలేదు గానీ, సలహా మాత్రం మీరే చెప్పారు.

"బొత్తిగా చదువు లేకపోతే ఎలాగమ్మా? ముందే నువ్వు స్టే తెచ్చుకోవలసింది!"