పెద్దసారు పేరిట ఒక జెల్ల

ఈ భూమ్మీద ఏ ప్రాణీ పుట్టినంత మాత్రాన ఉన్నట్టు కాదు. ఉందని కాగితం పుట్టాలి. (కాగితం పుట్టాక ప్రాణి ఉన్నా లేకపోయినా ఇబ్బంది లేదు.)

చేపల పరిశోధన కేంద్రంలో తాత్కాలిక ఉద్యోగం చేస్తున్న అమ్మాయికి ఈ సంగతి తెలియదు. వాళ్లింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి కావడంతో, చదివింది చదివినట్టు నమ్మేసింది. ఏట్లో దొరికిన ఒక జెల్ల చేపను మూడు నెలలు కోసి, కొలిచి, ఎముకలు లెక్కపెట్టి, ఇది లోకానికి ఇంతవరకు తెలియని జాతి అని తేల్చి వివరణ రాసింది. ఆ వివరణ అచ్చయితే ఉద్యోగం ఖాయం. కాకపోతే నెలాఖరుకు ఇంటికి.

కేంద్రం ఆనవాయితీ ప్రకారం కొత్త జాతికి డైరెక్టరు గారి పేరే పెట్టాలి. పెట్టింది. నాలుగో రోజు సూపరింటెండెంటు పిలిచాడు.

"ఏంటమ్మా ఇది? పైనేమో పెద్దసారు పేరు. కిందేమో 'తల చదును, నోరు తలంత వెడల్పు, కళ్లు ఆవగింజంత'. మాకు ఉద్యోగాలు ఉండాలా వద్దా?"

"అది చేప గురించి సార్."

"చేప చదవదు కదమ్మా. సారు చదువుతారు."

"పోనీ, పేరు మార్చనా సార్?"

"పేరు మంజూరైపోయింది. చేపను సవరించు."

ఆ సాయంత్రం ఇంట్లో చెబితే అమ్మ కొట్టిపారేసింది. "రాసెయ్యవే పిచ్చిదానా! చేపొచ్చి నిలదీస్తుందా ఏంటి? నీది పర్మనెంటని వీధంతా చెప్పుకున్నాను."

మొదటి సవరణలో అమ్మాయి కళ్లు పెంచింది. రెండో దాంట్లో నోరు కుదించి, తలను గుండ్రం చేసింది. పై దవడకు పళ్లు లేవన్న మాట వెనక్కి తీసుకుంది (సారు పళ్ల డాక్టరు దగ్గరకు తిరుగుతున్న రోజులవి). మీసాలు మూడు జతలే అంటే లోపంలా వినిపిస్తోందని పైనుంచి ఇంకో జత మంజూరైంది. ముల్లుకు విషముందన్న వాక్యాన్ని సూపరింటెండెంటు స్వహస్తాలతో 'స్వభావం సౌమ్యం' అని దిద్దాడు. సీసాలో ఉన్న చేప మాత్రం, ఉత్తర్వులు అందనందువల్ల, పాత నోటితోనే కొనసాగింది.

పెద్దసారు మురిసిపోయి సంతకం చేశారు. వివరణ నిపుణుల సంఘానికి వెళ్లింది. వారంలో జవాబొచ్చింది: "ఇందులో వర్ణించినది బజారులో దొరికే మామూలు జెల్ల. కొత్త జాతి కాదు."

(సంఘాన్ని తప్పుపట్టలేం. అక్షరాలా అదే చేప.)

నెలాఖరున అమ్మాయిని సాగనంపారు. మర్నాడే ఆ ఖాళీకి పెద్దసారు సంతకంతో ప్రకటన వెలువడింది. అర్హత: ఏదైనా డిగ్రీ, కంటితో చూసింది చూసినట్టు రాయగల నేర్పు తప్పనిసరి.