నిలబడ్డ బండికి ఎనిమిది వందల చుట్లు

బుధవారం పొద్దున ఆరింటికి సూరత్ పక్కన జోల్వాలో బయలుదేరాలి. శుక్రవారం పదింటికల్లా సిరిసిల్ల పక్కన అత్తగారి ఊళ్లో దిగాలి. సోమలింగం వేసుకున్న లెక్క ఇంతే. అతను సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, బాగుచేసే ఫిట్టరు. లాక్‌డౌన్ పడి అవి ఆగి రెండు నెలలైంది. అంతకుముందే పురిటికి వెళ్లిన భార్య ఊర్మిళ అక్కడే ఆడపిల్లను కన్నది. బిడ్డకు నలభై ఏడు రోజులు. వీడియో కాల్ చేస్తే సిగ్నల్ అందక బొమ్మ సగంలోనే ఆగిపోయేది. తండ్రికి దక్కింది సగం బుగ్గ. ఆ సగం బుగ్గను తలచుకుని అతనికి అన్నం సయించేది కాదు.

తండ్రి వచ్చి బిడ్డ చెవిలో, ఇంకెవరికీ వినపడకుండా, మూడుసార్లు పేరు చెప్పాలని ఇరవై ఒకటో రోజు వేడుకను ఆపారు. ఈ శుక్రవారం పదింటి ముహూర్తం దాటితే మూఢం. అత్త గంగవ్వ ఫోన్లో తేల్చేసింది.

"అల్లుడా, ఎన్ని దినాలని బిడ్డను పేరు లేకుంట ఉంచుతం? నువ్వు రాకుంటే మేనమామ మహేశ్ చెప్తడు."

హారతి అన్న పేరును నెలన్నరగా నోట్లోనే దాచుకున్న మనిషికి ఇంతకు మించిన బెదిరింపు లేదు.

డ్రైవరు పరుశురాం బట్ట తానులు మోసే పాత పికప్‌కు లాక్‌డౌన్ పాసు దొరికింది. దాని సెల్ఫ్ స్టార్టరు పోయి ఏడాదైంది. ఒకసారి ఆగితే తోయాల్సిందే. అందుకే పరుశురాం ఇంజన్ ఆన్‌లోనే ఉంచి పాసు తేవడానికి ఇంట్లోకి వెళ్లాడు. వెనక తొట్టిలో పక్కింటి నర్సవ్వ మూటల మధ్య సర్దుకుంటోంది. ఆమెది అత్తగారి ఊరికి పక్క ఊరే.

ముందు సీట్లో కూర్చున్న సోమలింగం కన్ను ఇంజన్ చుట్లు చూపే మీటరు మీద పడింది. ముల్లు ఎనిమిది మీద ఉంది. కింద వందతో హెచ్చించుకోమని రాసి ఉంది. నిమిషానికి ఎనిమిది వందల చుట్లు! అదీ నిలబడ్డ బండికి! అతని సాంచా నిమిషానికి నూట నలభై పోగులు వేస్తేనే సేటు మెచ్చుకుంటాడు. బట్ట నేయని యంత్రం తిరగడం ఫిట్టరు కళ్లకు పాపంలా కనిపిస్తుంది. వెయ్యి కిలోమీటర్ల దూరానికి డీజిల్ చాలొద్దా? బానెట్ ఎత్తి, చెవి ఒగ్గి విని, చుట్లు తగ్గించే స్క్రూనే సరిగ్గా పట్టుకున్నాడు. పనితనంలో లోటు లేదు. సగం చుట్టు తిప్పితే ముల్లు అయిదుకు దిగింది. ఇంకొంచెం తిప్పాడు. బండి మూడుసార్లు వణికి చచ్చిపోయింది.

పరుశురాం పరుగున వచ్చాడు. "ఏం జేసినవ్ అన్నా?"

"జర తగ్గించిన. నిలవడ్డ బండికి గంత తిరుగుడేంది?"

"అది సాంచా కాదన్నా, ఇంజన్! నిలవడ్డా గా మాత్రం తిరగాలె, లేకుంటే సస్తది. నువ్వు పండుకున్నవని నీ గుండెకాయను బంద్ చేస్తవా?"

తోయడానికి గల్లీలో ఆరుగురు వచ్చారు. వాళ్ల వెనకే పోలీసు జీపు వచ్చింది. గుంపు కట్టారని ఆరుగురినీ ఇళ్లకు తరిమింది. చివరికి నర్సవ్వ కొంగు దోపుకుని దిగింది. ఆమె, సోమలింగం కలిసి తోస్తే బండి లేచింది. తప్పు దిద్దుకుందామని సోమలింగం స్క్రూను ఎదురువైపు తిప్పాడు, కంగారులో ఎక్కువే తిప్పాడు. వెనక్కి తిప్పబోతే అరిగిన స్క్రూ తల కాస్తా చితికిపోయింది. ముల్లు ఇరవై మీద కూర్చుంది.

"ఇగ ముట్టకు! చేతులు ఒళ్లో వెట్టుకో!" అరిచాడు పరుశురాం. మామూలుగా చెప్తే వినిపించడం లేదు.

బార్డోలీ నాకాలో, పోలీసు చెక్‌పోస్టు దగ్గర, ఇన్‌స్పెక్టరు "ఇంజన్ బంద్ కరో!" అన్నాడు. బంద్ చేస్తే సాబ్‌లే తోయాలని పరుశురాం చేతులు జోడించాడు. ఇంజన్ వేడికి కాగిన సోమలింగం నుదుటికి థర్మామీటరు పెడితే నూటొకటి. గంటసేపు చెట్టు కింద కూర్చుని మళ్లీ చూపించుకోమన్నారు. ఆ కాసేపట్లో సోమలింగం ప్రాణం సగం పోయింది. బండి మాత్రం ఎవరో కొడుతున్నట్టు అరుస్తూనే ఉంది. పావుగంటకు ఇన్‌స్పెక్టరుకు ఆ మోతలో వైర్‌లెస్ ఒక్క ముక్క అర్థం కాక, చల్లబడ్డ నుదుటిని తనే మళ్లీ చూసి "ఇస్కో జల్దీ నికాలో!" అని, బండిని తొందరగా పంపెయ్యమని అడ్డు కర్ర ఎత్తించాడు.

ఆదా చేద్దామనుకున్న డీజిల్‌ను దారిలోని బంకులన్నిట్లో పోయించుకుంటూ, శుక్రవారం పదికి అయిదు నిమిషాలు ఉన్నాయనగా ఊరు చేరారు. ఊరి మొదట్లోనే బడి దగ్గర ఊరివాళ్లు ఆపారు. సూరత్ నుంచి వచ్చినవాళ్లు పద్నాలుగు రోజులు బడిలోనే ఉండాలట. పరుశురాం నర్సవ్వను పక్క ఊరికి తీసుకెళ్లి, ఇద్దరూ అక్కడి బడిలో ఉండాలట.

సోమలింగం దిగి గేటు లోపలికి వెళ్లాడు. ముప్పై గజాల అవతల, కట్టిన తాడు వెనక, ఊర్మిళ బిడ్డనెత్తుకుని నిలబడి ఉంది. అతనికి మొదటిసారి బిడ్డ మొత్తం ముఖం కనిపించింది. రెండు బుగ్గలూ ఉన్నాయి. కళ్లు మూసుకుని హాయిగా నిద్రపోతోంది. ఎత్తుకోవాలని చేతులు లాగాయి, ఏడుపొచ్చింది. ఊర్మిళ ఏదో చెబుతోంది, ఇంజన్ మోతలో పెదాలే కదులుతున్నాయి.

"పరుశురాం, బంద్ చెయ్యి!"

"చేస్తే ఎవరు తోస్తరన్నా? సూరత్ బండిని ముట్టెటోడున్నడా గీడ?"

లేడు. అందరూ బండికి ఆమడ దూరంలో ఉన్నారు. గంగవ్వ టైం అయిపోతోందని సైగ చేసింది. మహేశ్ బిడ్డ చెవి దగ్గరికి వంగబోయాడు.

సోమలింగం గేటెక్కి, మాస్కు లాగేసి, నెలన్నరగా దాచుకున్నదంతా గొంతులోకి తెచ్చుకుని అరిచాడు. "హారతీ! హారతీ! హారతీ!"

ఇళ్లలోంచి జనం బయటికొచ్చారు. ఊర్మిళ నవ్వుతూ ఏడ్చింది. బిడ్డ మాత్రం కదల్లేదు.

బిడ్డకు తప్ప ఎవరికీ వినపడకూడని పేరును ఆ ఊళ్లో బిడ్డ తప్ప అందరూ విన్నారు.